మైనింగ్ చదువులో అమ్మాయిలు: గని గేటు తెరుచుకుంది.. మరి యూనివర్సిటీ గేటు?

జైపూర్ (మంచిర్యాల జిల్లా): ఇక్కడి సింగరేణి థర్మల్ ప్లాంట్ చిమ్నీలు చుట్టుపక్కల ఊళ్లకు దూరం నుంచే కనిపిస్తాయి. 1200 మెగావాట్ల ఈ ప్లాంటును 2016 ఆగస్టు 7న ప్రధాని మోదీ జాతికి అంకితం చేశారు. అటు శ్రీరాంపూర్, ఇటు గోదావరిఖని.. ఎటు చూసినా బొగ్గు మీదే బతుకు. కానీ ఈ ఊళ్లలో ఓ అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయ్యాక మైనింగ్ ఇంజినీరింగ్ తీసుకుంటానంటే, ఇంట్లో ముందుగా వినిపించే మాట "బాయి పని ఆడపిల్లకెందుకు?" అనే.

ఈ మాటను ఇంట్లోవాళ్ల పట్టింపుగా కొట్టిపారేయలేం. చాలా ఏళ్లపాటు చట్టం కూడా ఇదే చెప్పింది. ఇప్పుడు చట్టం మారింది. బొగ్గు ప్రాంతానికి కొత్త యూనివర్సిటీ కూడా వచ్చింది. మరి ఆ యూనివర్సిటీ అందరిదీ అవుతుందా? అసలు ప్రశ్న ఇదే.

కొత్తగూడెంలో ఏం మారింది?

సింగరేణి ప్రాంతంలో 1970ల్లో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్, తర్వాత కాకతీయ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీగా నడిచింది. ఇప్పుడది డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ. 2025 డిసెంబర్ 2న సీఎం రేవంత్ రెడ్డి ప్రారంభించారు.

పాత కాలేజీకి బోర్డు మార్చడం తేలిక. అడ్మిషన్, హాస్టల్, ట్రైనింగ్, ఫిర్యాదుల వ్యవస్థ.. వీటిని మార్చడమే కష్టం. అయితే నిబంధనలు కొత్తగా రాసుకునే అవకాశం కొత్త యూనివర్సిటీకే ఉంటుంది. పాతబడ్డాక మార్చడం ఎంత కష్టమో మిగతా యూనివర్సిటీలను చూస్తే తెలుస్తుంది.

డిగ్రీ ఒకటే.. దారి మాత్రం సగమే

1952 గనుల చట్టంలోని సెక్షన్ 46 ప్రకారం మహిళలు భూగర్భ గనుల్లో పనిచేయకూడదని ఉండేది. దీంతో మైనింగ్ చదివిన అమ్మాయికి పెద్ద చిక్కు వచ్చిపడింది. గనిలో మేనేజర్ స్థాయికి వెళ్లాలంటే డీజీఎంఎస్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. పూర్తిస్థాయి సర్టిఫికెట్‌కు అండర్‌గ్రౌండ్ అనుభవం తప్పనిసరి. కిందికి దిగనివ్వకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? అంటే డిగ్రీ చేతికొచ్చినా దారి ఓపెన్‌కాస్ట్ దగ్గరే ఆగిపోయేది.

2019 జనవరిలో కేంద్రం సడలింపు ఇచ్చింది. ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపు టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజీరియల్ పనుల కోసం మహిళలు కిందికి దిగొచ్చు. రాతపూర్వక అంగీకారం ఉండాలి, కనీసం ముగ్గురు చొప్పున డ్యూటీ వేయాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు అన్ని రకాల పనులకూ దారి తెరిచాయి, అంగీకారం, భద్రత షరతులతో.

సడలింపు ఫలితం త్వరగానే కనిపించింది. కొత్తగూడెం కాలేజీలో చదివిన రసకట్ల సంధ్య సెకండ్ క్లాస్ మైన్ మేనేజర్ సర్టిఫికెట్‌ను పూర్తిస్థాయిలో అందుకున్నారు. దేశంలో ఆ ఘనత సాధించిన తొలి మహిళ ఆమెే. ఆమెలో ఆ సత్తా 2019కి ముందు కూడా ఉంది. అడ్డుగా నిలిచింది రూల్ ఒక్కటే.

ఐఐటీలు ఏం చేశాయి?

2016లో ఐఐటీల్లో అమ్మాయిలు 8 శాతం దగ్గరే ఉన్నారు. "అమ్మాయిలే రావట్లేదు" అని సరిపెట్టుకోకుండా 2018 నుంచి అదనపు సీట్లు సృష్టించారు. తొలి ఏడాది లక్ష్యం 14 శాతం, 2019లో 17, 2020లో 20. ఉన్న సీట్లు తగ్గించలేదు కాబట్టి అబ్బాయిలకు నష్టం జరగలేదు. పద్ధతి మారితే లెక్క మారుతుందని తేలిపోయింది.

సీటు ఒక్కటే చాలదు

చేరడం ఒక ఎత్తు, నిలబడటం మరో ఎత్తు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మరణం దేశమంతా ఈ చర్చ లేపింది. అప్పటికే 2012 యూజీసీ నిబంధనలు ఉన్నాయి. ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలన్నాయి. కాగితం మీద రూల్ ఉంటే సరిపోదని ఆ ఘటన చెప్పింది.

రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తడ్వి తల్లి అబేదా తడ్వి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిపై జనరల్ కేటగిరీ విద్యార్థుల నుంచి నిరసనలు వచ్చాయి. పదాలు స్పష్టంగా లేవు, దుర్వినియోగం కావొచ్చంటూ జనవరి 29న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2012 నిబంధనలే కొనసాగుతాయని చెప్పింది. అంటే ఢిల్లీ నుంచి ఏదో వస్తుందని ఆగాల్సిన పని లేదు. ఉన్న రూల్‌ను గట్టిగా అమలు చేసే అధికారం యూనివర్సిటీ చేతిలోనే ఉంది.

ఎవరి పిల్లలకు?

ఇక్కడ ఇంకో సున్నితమైన అంశం ఉంది. సింగరేణిలో పర్మినెంట్ కార్మికుడి పక్కనే కాంట్రాక్టు కార్మికుడూ పనిచేస్తాడు. దుమ్ము ఇద్దరికీ ఒకటే, జీతం మాత్రం వేరు. సింగరేణి పిల్లలకు ప్రత్యేక కోటా అనే మాట వస్తే, కాంట్రాక్టు కార్మికుడి బిడ్డ లెక్కలోకి వస్తుందా రాదా? గని కోసం భూమి ఇచ్చిన కుటుంబం సంగతేంటి? ఏజెన్సీ గూడేల నుంచి వచ్చే గిరిజన విద్యార్థులకు, తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఏడాది ఇంగ్లిష్ పాఠాలే పెద్ద గండం. వీళ్లకు బ్రిడ్జ్ కోర్సు ఉంటుందా?

గమనించాల్సిన 4 విషయాలు

• అమ్మాయిల హాస్టల్ సీట్లు అడ్మిషన్లతో పాటే పెరుగుతున్నాయా?
• అండర్‌గ్రౌండ్ ట్రైనింగ్‌కు అమ్మాయిలను బ్యాచ్‌లుగా పంపేలా సింగరేణితో ఒప్పందం ఉందా? గనిలో వాళ్లకు టాయిలెట్, డ్రెస్ మార్చుకునే గది ఉన్నాయా?
• సమాన అవకాశాల సెల్‌లో ఎవరున్నారు? ఎన్ని ఫిర్యాదులు తేల్చారో ఏటా బయటపెడతారా?
• ఏ వర్గం నుంచి ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు? ఈ లెక్క వెబ్‌సైట్‌లో పెడతారా?

ఇవేవీ వందల కోట్ల పనులు కావు. కొన్నిటికి ఓ ఆర్డర్ చాలు, కొన్నిటికి ఓ గది చాలు. ఇవి జరిగితేనే జైపూర్‌లో ఆ అమ్మాయి ఇంట్లో వాళ్లకు ధైర్యంగా సమాధానం చెప్పగలుగుతుంది. జరగకపోతే గని గేటు తెరిచి ఉన్నా, అక్కడి దాకా వచ్చేవాళ్లే ఉండరు.