సముద్రపు గాలి ఎప్పుడూ మంచిదేనా?

"మీది సూర్యలంక కదా, మంచి గాలి!" అంటుంటారు హాస్టల్ మిత్రులు. అది సగమే నిజం. ఎండాకాలం పగలు నేల త్వరగా వేడెక్కి సముద్రపు గాలి ఊళ్లోకి వీస్తుంది, పొగను చెదరగొడుతుంది. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. అప్పుడు గాలి నేల వైపు నుంచి మెల్లగా వీస్తూ, డెల్టా పొలాల్లో గడ్డి కాల్చిన పొగను మోసుకొస్తుంది. పైనున్న వెచ్చని గాలి మూతలా పనిచేసి ఆ పొగను లేవనివ్వదు. భోగినాడు కొందరు కాల్చే టైర్ల పొగా అంతే. మా నాయనమ్మకు ఆయాసం ఎక్కువయ్యేది ఆ రోజుల్లోనే.

కాలాన్ని మనం మార్చలేం. మంట పెట్టకుండా ఉండగలం. మన హాస్టల్లోనూ తెల్లవారుజామున, తమ్ముళ్లు చదువుకునే వేళ, చెత్త కాల్చడం మానేద్దాం. ఆకులు గుంతలో వేస్తే మొక్కలకు ఎరువవుతాయి. మిత్రులారా, ఈ వార్షికోత్సవం నుంచే మొదలుపెడదామా?