మందలింపు మందు కాదు



బీడీ మానలేనివానికి మనోబలం లేదని తీర్పు చెప్పడం మనకు అలవాటు. వైద్యులమైన మేమూ ఆ తప్పు చేశాము. నికోటిన్ వ్యసనం మెదడును పట్టిన వ్యాధి. దానికి మందలింపు మందు కాదు.

నిజామాబాద్ జిల్లాలో ఎన్ని ఇళ్లలో స్త్రీలు బీడీలు చుట్టి సంసారాలు నెట్టుకొస్తున్నారో మీరెరుగుదురు. బీడీ ఇంటి వస్తువైన చోట మనిషిని ఒంటరిగా మానుకొమ్మనడం న్యాయమా?

నికోటిన్ చూయింగ్ గమ్, బుప్రోపియాన్, వరెనిక్లిన్ తపనను తగ్గిస్తాయి. కాని భోజనానంతరపు అలవాటును, మిత్రుని ఆహ్వానాన్ని కాదనే నేర్పు తోటివారి నడుమనే అబ్బుతుంది. ఔషధాన్నీ, వ్యక్తిగతంగా గాని బృందంగా గాని ఇచ్చే కౌన్సెలింగ్‌నూ కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సూచించింది. నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స 2022లోనే మన జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేరింది.

ఊరూరా పొదుపు సంఘాలు నడుపుకొంటున్న మనం, బీడీ మానదలచిన పదిమందిని వారానికొకసారి పోచంపాడ్‌లోనో బోధన్‌లోనో ఒకచోట కూర్చోబెట్టలేమా?

1800112356 జాతీయ సహాయవాణికి ఫోన్ చేయండి; ఖర్చు లేదు. మీ వైద్యుడు "మానండి" అని ఊరుకుంటే లేచి రాకండి. మందునూ అడగండి, తోడునూ అడగండి.