ఆడలేక లిస్ప్ ఓడు

"లిస్ప్ స్లో, పైగా బ్రాకెట్ల గోల" అని ఆఫీసులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. సరే, మీ కోడ్ ఒకసారి చూపించండి బాబూ అంటే కనబడేది ఇదీ: ఫంక్షన్ లోపల లెట్ లేకుండా నేరుగా సెట్‌క్యూ, లూప్‌లో ఒక్కో ఐటమ్‌నీ అపెండ్‌తో లిస్టు చివర తగిలించడం. ఇది లిస్ప్ కాదండీ, లిస్ప్ వేషం కట్టిన పైథాన్!

సెట్‌క్యూ ఉన్న వేరియబుల్‌కి విలువ ఇస్తుందే గానీ కొత్త లోకల్‌ని పుట్టించదు. డిక్లేర్ చెయ్యని పేరు కనబడితే కామన్ లిస్ప్ కంపైలర్ సాధారణంగా వార్నింగ్ ఇచ్చి, గ్లోబల్ అనుకుని పోతుంది. ఆ వార్నింగ్ మనం చదవం. ఇంకో ఫంక్షన్ అదే పేరు వాడి విలువ మార్చేస్తే మాత్రం లిస్ప్‌ని తిడతాం.

ఇక లిస్టంటే కాన్స్ సెల్స్ గొలుసు. ముందు చేర్చడం ఒక్క సెల్ పని. చివర చేర్చాలంటే అపెండ్ ప్రతిసారీ పాత లిస్టంతా కాపీ చేస్తుంది. 10,000 ఐటమ్‌లకి దాదాపు 5 కోట్ల సెల్స్ కాపీ! అదే పుష్‌తో ముందు చేర్చుకుంటూ పోయి, ఆఖర్న ఒక్కసారి ఎన్‌రివర్స్ చేస్తే 10,000 సెల్స్‌తో సరి.

మెకార్తీ 1958లో మొదలుపెట్టిన భాష ఇది. ముందు లెట్, కాన్స్ నేర్చుకోండి. ఆ తర్వాత కూడా బ్రాకెట్లు బాధపెడితే, అప్పుడు తిడుదురు గాని.