ఏ ఊరి పానీయం ఆ ఊరికి

ఫలక్‌నుమాలో శనివారం పొద్దున్నే ఇరానీ చాయ్ తాగుతూ యూదుల కిద్దూష్ గురించి ఆలోచించేవాడు ఒకడున్నాడంటే నవ్వుతారేమో. ఆ ఒకడిని నేనే.

సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో ప్రారంభం. ఆ రాత్రి ద్రాక్షారసంపై చెప్పే కిద్దూష్‌దే ప్రాధాన్యం. శనివారం ఉదయం భోజనానికి ముందు చెప్పేది చిన్నది, పూర్వపండితులు ఏర్పరచినది. పేరు మాత్రం 'మహా కిద్దూష్'! రాత్రి ద్రాక్షారసం దొరకకపోతే రొట్టెపై చెప్పవచ్చు. ఉదయం రొట్టెపై చెబితే మామూలు భోజనానికీ దీనికీ భేదం తెలియదు. కనుక 'హమర్ మెదీనా', అనగా దేశపు పానీయం, మేలన్నారు.

ఈ మాట వెనుక తల్మూదులో ఒక కథ ఉన్నది. అమేమార్ అనే పండితుడు ఒక ఊరికి అతిథిగా వెళ్ళాడు. సబ్బాతును సాగనంపే ప్రార్థనకు ద్రాక్షారసం లేదు, బీరు తెచ్చారు. ఆయన ముట్టక ఉపవాసంతో పడుకున్నాడు. మరుసటి ఏడూ అంతే. అప్పుడాయన, అలాగైతే ఇదే ఈ దేశపు ద్రాక్షారసమని దానిపైనే ప్రార్థించి భోంచేశాడు. ఊరు మారలేదు, పండితుడు మారాడు!

నీళ్ళు మాత్రం పనికిరావు. దాహానికి కాక అతిథి గౌరవార్థం ఇచ్చేదే దేశపు పానీయమని 20వ శతాబ్దంలో న్యూయార్కు రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ వివరించారు. టీ విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. బొంబాయి ప్రాంతపు బెనె ఇస్రాయేలీలు ఎండుద్రాక్ష నానబెట్టిన రసంతో గడుపుకున్నారు; అదీ శాస్త్రసమ్మతమే.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు. 1991లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. మాదిగ కుటుంబాలు, అధికులు వ్యవసాయ కూలీలు. వారు నిజమైన యూదులేనా అని ప్రశ్నించేవారికి కొదవలేదు. అటువంటి గడపలో ద్రాక్షారసం లేనినాడు టీ చాలదనడం నాకు న్యాయమనిపించదు. మన పల్లెల్లో ఇంటికి వచ్చినవారికి దాహం తీర్చేది మజ్జిగ. మర్యాద చేసేది టీయే. ఫైన్‌స్టైన్ గీటురాయి ఇక్కడ చక్కగా సరిపోతుంది.

సబ్బాతునాడు పొయ్యి వెలిగించరాదు గదా అంటారా? శుక్రవారమే కాచి వేడి నిలిచేలా ఉంచుకోవచ్చు. గంటలకొద్దీ పొయ్యిమీదే మగ్గే మా ఇరానీ డికాక్షన్‌కు అదేమంత కష్టం కాదు!