మన వివరాలకు వెల కట్టేదెవరు?

‘మీ సమాచారం మీ ఆస్తి, దాన్ని ఊరికే ఎందుకిస్తారు, మా దగ్గర దాచుకుని సంపాదించుకోండి’ అనే ప్రచారం కొంతకాలంగా సాగుతోంది. దీనికి వికేంద్రీకృత గోప్యతా నెట్‌వర్క్ అని పేరు పెట్టారు. ఒక కంపెనీ గిడ్డంగిలో కాకుండా అనేక కంప్యూటర్లలో పరచిన, చెరపడానికి వీల్లేని ఉమ్మడి పద్దులో ఎవరి వివరాలు ఎవరు వాడుకున్నారో నమోదవుతుంది. ఇచ్చినవాళ్ళకు టోకెన్ అనే డిజిటల్ నాణెం ముడుతుంది. పొదుపు సంఘాల స్త్రీలకు ఇదొక అదనపు ఆదాయం కాగలదని ఆశపడే మిత్రులు మన మధ్యా ఉన్నారు. ఈ ఆశ ప్రమాదకరమైనదని నా వాదన. గోప్యతను అమ్మకపు సరుకు చేస్తే దాన్ని ముందుగా అమ్ముకోవలసి వచ్చేది ఏమీ లేనివాళ్ళే. వాళ్ళలోనూ ముందు వరుసలో ఉండేది స్త్రీలే.

ఇది ఊహ కాదు. శామ్ ఆల్ట్‌మన్ సహ వ్యవస్థాపకుడుగా ఉన్న వరల్డ్‌కాయిన్ 2023 జూలైలో తన టోకెన్‌ను విడుదల చేసింది. ఒక గుండ్రటి యంత్రంలోకి చూసి కనుపాప గుర్తులు ఇస్తే టోకెన్లు ఇస్తారు. కెన్యాలో 25 టోకెన్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 7 వేల షిల్లింగులు ఇస్తామనగానే నైరోబీలో జనం బారులు తీరారు. 2023 ఆగస్టు 2న అక్కడి ప్రభుత్వం ఆ పని ఆపించింది. సేకరించిన గుర్తులను తుడిచివేయమని 2025 మేలో హైకోర్టు ఆదేశించింది. ఢిల్లీ, బెంగళూరు నగరాల్లోనూ ఈ యంత్రాలు తిరిగాయి. 2023 చివర్లో మన దేశంలో ఆ పని నిలిపేశారు. కంపెనీ సొంత దేశమైన అమెరికాలో మాత్రం 2025 దాకా ప్రజలకు ఈ టోకెన్లు ఇవ్వనేలేదు. 2024 మార్చిలో 11 డాలర్లు దాటిన టోకెన్ ధర మరుసటి ఏడాది ఒక డాలరు కిందికి జారింది. ధర పోయినా కనుపాప మారదు కదా!

ధర మాట వచ్చింది కనుక అంబాజీపేట సంగతి చూద్దాం. కోనసీమ కొబ్బరికి అది పెద్ద మార్కెట్. కాయ వెయ్యి లెక్కన, కురిడీ కొబ్బరి గండేరా, గటగటా రకాల లెక్కన అక్కడ ధర పలుకుతుంది. చెట్టు రైతుది, కాయ రైతుది, ధర మాత్రం రైతు చేతిలో ఉండదు. ఉత్తరాది పండుగల గిరాకీ, కేరళ, తమిళనాడుల దిగుబడి, వ్యాపారుల నిల్వలు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. పీచుతో తాడు పేనే, ఈనెలు చీరే స్త్రీకైతే చెట్టూ లేదు, కాయా లేదు, దక్కేది కూలి ఒక్కటే. సొంతదారు అయితే చాలు, బేరమాడే శక్తి దానంతట అదే వస్తుందనే సిద్ధాంతం ఈ ఒక్క మార్కెట్‌లోనే నిలబడదు. ఇక సమాచారపు మార్కెట్‌లో ఒంటరి మనిషి వివరాలకు విలువే లేదు. లక్షల మందివి పోగుచేసినప్పుడే దానికి వెల. ఆ పోగు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ధర చెబుతారు.

ఆస్తి అన్న తర్వాత అది ఎవరి పేరున, ఎవరి చేతిలో అన్న ప్రశ్న స్త్రీలు వేయక తప్పదు. కోనసీమ నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే స్త్రీ పాస్‌పోర్టు ఆమె పేరునే ఉంటుంది, అది యజమాని బీరువాలో ఉంటే ఆమె కదలలేదు. వికేంద్రీకరణ అనే మాట కూడా మనకు కొత్తది కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు ఇచ్చింది. ఎన్నో చోట్ల సర్పంచి కుర్చీలో ఆమె భర్త కూర్చున్నాడు. అధికారం ఢిల్లీ నుంచి ఊరికి దిగినంత మాత్రాన ఇంట్లోని అధికారం మారదు. టోకెన్ల ఖాతా కొన్ని రహస్య పదాలతో తెరుచుకుంటుంది. ఆ పదాలు ఎవరికి తెలిస్తే టోకెన్లు వాళ్ళవే, పోగొట్టుకుంటే తిరిగి ఇచ్చే దిక్కు లేదు. ఇంటికొక్క ఫోను ఉండి, దానికొచ్చే ఓటీపీ కొడుకో భర్తో చూసేచోట ఆ రహస్యం ఎవరి దగ్గర ఉంటుంది? చెరపలేని పద్దు అని గొప్పగా చెబుతున్నారు. కొట్టే భర్త నుంచి తప్పించుకుని వేరే ఊళ్ళో తలదాచుకునే స్త్రీకి కావలసింది పాత జాడలు చెరిపేసుకునే అవకాశమే.

పైగా ఒకరి వివరాలు ఒక్కరివే కావు. 2020 నుంచి రుణయాప్‌లు మన రాష్ట్రాల్లో చేసిన ఘోరం మనకు తెలుసు. అప్పు కోసం ఒక మీట నొక్కితే ఫోనులోని బంధుమిత్రుల నంబర్లన్నీ వాళ్ళ చేతిలో పడ్డాయి. స్త్రీల ఫొటోలు మార్చి ఆ నంబర్లకే పంపారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఒక జంట ఈ వేధింపులకు బలైంది. అక్కడ ఎర అప్పు, ఇక్కడ టోకెన్. మీట నొక్కిన వాళ్ళకు తాము ఎంతమంది తరఫున నొక్కుతున్నామో తెలియకపోవడం రెండింటా ఒకటే.

సమ్మతి అనే మాటను తెలుగు నేల మీద స్త్రీ ఉద్యమం చాలాకాలం క్రితమే నిలదీసింది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వబోతూ, అది ప్రయోగమని స్త్రీలకు చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన, ఇతర సంఘాలు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అవసరంలో, అజ్ఞానంలో ఉంచి తీసుకున్న ఒప్పుకోలు సమ్మతి కాదని అప్పుడు అన్నాం. కనుపాపకు వెల కట్టినప్పుడూ అదే అనాలి. కనుపాప గుర్తులకు డబ్బు ఇవ్వజూపడం స్వేచ్ఛాసమ్మతిని దెబ్బతీస్తుందని 2025 జనవరిలో బ్రెజిల్ సమాచార రక్షణ సంస్థ దాన్ని నిషేధించింది. మనకెందుకు సాధ్యం కాదు?

ప్రభుత్వం చేతిలో మాత్రం మన వివరాలు భద్రమా అని టోకెన్ల సమర్థకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ వెబ్‌సైట్‌లో లక్షా 30 వేలకు పైగా ప్రజల ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా బయటపడ్డాయి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఉండాలంటూనే, సంక్షేమ పథకాల పేరిట ప్రభుత్వానికి 7వ సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చింది. సమాచారం కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ సొమ్మంతా ప్రభుత్వ ఖజానాకే. నష్టపోయిన స్త్రీకి పైసా రాదు. కానీ ప్రభుత్వం మీది కోపంతో మార్కెట్ చేతికి చిక్కడం విముక్తి ఎలా అవుతుంది? ప్రభుత్వాన్ని కనీసం ఎన్నికల్లో, కోర్టులో నిలదీయవచ్చు. ఎక్కడుందో తెలియని నెట్‌వర్క్‌ను ఏ మండలాఫీసు ముందు నిలదీస్తాం?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. శరీరపు గుర్తులకు డబ్బు, టోకెన్ ఎర చూపడాన్ని చట్టం నిషేధించాలి. వివరాలు ఇవ్వనన్న స్త్రీకి పింఛను, రేషను, అప్పు ఆగకూడదు. బాధితులకు నష్టపరిహారం చట్టంలో చేరాలి. ఏ సర్వే వచ్చినా ఎందుకు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని సంఘం కూర్చుని అడగాలి, జవాబు నచ్చకపోతే అందరూ కలిసి కాదనాలి. మన ఎన్జీవోలు నింపించే ఫారాలకూ ఇదే నియమం వర్తించాలి.

1992లో ఈ రాష్ట్రపు పేద స్త్రీలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఖజానాకు ఆదాయం పోతుందన్న వాదనకు వాళ్ళు లొంగలేదు. ఇప్పుడు వేలానికి పెట్టింది మన ముఖం, మన కన్ను, మన ఇంటి వివరాలు. ఈ వేలాన్నీ మనం సంఘంగా అడ్డుకోవలసిందే.