కాలు మనది, కాసులెవరివి?

ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ వస్తుంది. పులివెందుల నుంచి అరటికాయల లారీ వస్తుంది. ఎదురుగా కూలికి పోయే మన ఆడోళ్ల ఆటో. గుద్దేది లారీ. విరిగేది మన కాలు. ఆసుపత్రి మంచం కాడికి అందరికన్నా ముందు వచ్చేదెవరు? దళారి! వాని వెనకే లారీ ఓనరు తరఫు పెద్దమనిషి. "ఎందుకమ్మా కోర్టులు, కచేరీలు? ఇంత తీసుకో, రాజీ కాగితంలో వేలిముద్ర వెయ్యి" అంటాడు. కాదంటే పర్సెంటేజి వకీలును చూపిస్తాడు.

మేము అడుగుతున్నాం. నష్టపరిహారం ఓనరు విదిలించే భిక్షమా? థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా లారీ రోడ్డెక్కకూడదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ ప్రీమియం కట్టేదే దెబ్బ తగిలినోళ్ల కోసం. తప్పెవరిదో రుజువు చెయ్యకుండానే, 164వ సెక్షన్ కింద ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు రావాలి. నష్టం అంతకు మించితే, డ్రైవరు తప్పు చూపించి 166వ సెక్షన్ కింద పూర్తి పరిహారం అడగొచ్చు. ఏది మేలో చెప్పాల్సింది వకీలు, దళారి కాదు.

"కూలోళ్ల సంపాదనకు రుజువేదీ?" అని కంపెనీలు వాదిస్తాయి. 2011లో సుప్రీంకోర్టు ఒక కూలీ కేసులో, ట్రిబ్యునల్ లెక్కగట్టిన నెలకు 3,000ని కాదని ఆయన చెప్పిన 4,500నే ఒప్పుకుంది. జీతం చీటీ లేదని కాలు ఖరీదు తగ్గదు!

ఇక పర్సెంటేజి సంగతి. వచ్చే సొమ్ములో వకీలు వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా, ఏ కులం ఆడవాళ్లకైనా, ఉచితంగా వకీలును ఇవ్వాలని న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఇన్నేండ్లలో ఆ కబురు మన పల్లెకు ఎవరు మోసుకొచ్చారు? దళారికి తెలిసిన మన మంచం నంబరు చట్టానికి తెలియదా?

పైగా గడువు ఒకటి. 1994లో తీసేసిన గడువును 2019 సవరణ మళ్లీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల్లోపు క్లెయిమ్ వెయ్యాలి. కాలి కట్టు విప్పేసరికే ఆర్నెల్లు! ఈ గడువు మీద కేసు తేలేదాకా ఆలస్యం పేరుతో క్లెయిములు కొట్టెయ్యొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు చెప్పింది. అది తాత్కాలిక ఊరట మాత్రమే. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

మా డిమాండు ఒక్కటే. బాధితులు కోర్టును వెతుక్కుంటూ పోవడం కాదు, న్యాయసేవల వాళ్లే ఆసుపత్రికి రావాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వాసుపత్రుల్లో వాళ్ల బల్ల ఉండాలి. ప్రమాదం రిపోర్టు పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు పంపాలన్న రూలు కాగితం దాటి అమలు కావాలి.

అన్నలారా, అక్కలారా! రాజీ కాగితంలో వేలిముద్ర వెయ్యొద్దు. లారీ నంబరు, ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి చీటీలు భద్రంగా పెట్టుకోండి. ప్రమాదం యాడ జరిగినా, మనం కాపురముండే చోటి ట్రిబ్యునల్‌లోనే క్లెయిమ్ వెయ్యొచ్చు. ఉచిత వకీలు కోసం 15100కు ఫోన్ చెయ్యండి.

మనం అడిగేది భిక్షం కాదు, బాకీ!