పెద్దలను తలంచుకొనుట



భాద్రపద బహుళపక్షము వచ్చెనన్న మన యిండ్లలో గతించిన పెద్దల తలంపు కలుగును. మహాలయామావాస్యనాడు పితరులకు తిలోదకము లిత్తురు. తెలంగాణమున దీనినే పెత్రామాస యందురు. ఆనాటి సాయంకాలమే యచటి స్త్రీలు ఎంగిలిపూల బతుకమ్మను పేర్చి యాడుదురు. ఈ స్మరణము మనకు మాత్రమే కలదని తలంపరాదు.

జపానువారు “బోన్” అను పండుగ చేయుదురు. పెక్కుచోట్ల నిది ఆగస్టు 13 మొదలు 16 వఱకు జరుగును. మొదటినాడు వాకిట చిన్నమంట వేసి పెద్దలను పిలుతురు. కడపటినాడు మరల మంట వేసి సాగనంపుదురు. కొన్ని యిండ్లలో దోసకాయకు పుల్లలు గ్రుచ్చి గుఱ్ఱముగను, వంకాయకు గ్రుచ్చి యావుగను నిలుపుదురు. పెద్దలు వచ్చునపుడు గుఱ్ఱముపై వడిగా రావలెను, పోవునపుడు ఆవుపై మెల్లగా పోవలెను అని వారి కోరిక. ఆత్మీయులను సాగనంపిన వారి కెవరికి ఈ కోరిక తెలియదు?

మెక్సికోలో నవంబరు 1వ తేదీ గతించిన పిల్లలకును, 2వ తేదీ పెద్దలకును ఉద్దేశింపబడినది. ఇంట పీఠము నమర్చి, దీపములు వెలిగించి, వారికి ప్రియమైన వంటకముల నుంచుదురు. వారు దారి తప్పకుండ బంతిపూల రేకులు చల్లుదురు. ఆ బంతికి పుట్టినిల్లు మెక్సికోయే. మన బతుకమ్మలో నొదిగిన బంతి యచటినుండి వచ్చిన యాడపడుచే!

అయితే ఈ కర్మలు చేయు నధికార మెవరిది? మన యాచారమున నది సాధారణముగా కుమారునిది. యూదులలోను తలిదండ్రులు గతించినపుడు పదునొకండు మాసములు “కద్దీష్” అను ప్రార్థనము చదువుట సంప్రదాయానుసారము కుమారుల విధి. ఆ ప్రార్థనమున మరణము మాటయే లేదు. దైవస్తుతియే ప్రధానముగా కలదు.

1912లో అమెరికాలో హదస్సా యను యూదు స్త్రీల సంఘమును స్థాపించిన హెన్రియెట్టా జోల్డ్ తలిదండ్రులకు ఎనమండుగురు కుమార్తెలు, కుమారులు లేరు. 1916లో తల్లి గతింపగా, ఒక కుటుంబమిత్రుడు తాను కద్దీష్ చదివెదనని చెప్పెను. ఆమె కృతజ్ఞతతో నిరాకరించి, తన తల్లికి తానే చదువుకొందునని జాబు వ్రాసెను. గృహకృత్యముల భారముచే స్త్రీలకు కొన్ని విధులనుండి మినహాయింపు కలిగెనేకాని, చేయగలిగిననాడు చేయవలదని ధర్మము చెప్పలేదని యామె వాదము. ఆచారమును త్రోసివేయక, దాని మూలమును వెదకి పట్టుకొనిన వివేక మిది.

కుమార్తెలనే కన్న తల్లిని “తలకొరివి పెట్టు దిక్కు లేదు” అని యనుట మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. ఆ మాట యామె గుండెలో ఎంత లోతుగా నాటునో అన్నవారెఱుగరు. ఇప్పుడు మన దేశమునను కొందఱు కుమార్తెలు ఆ కర్మను తామే చేయుచున్నారు. వారిని నిందింపకుందము. పూర్వాచారమును విడువనివారైనను, ఈ యేటి మహాలయమునకు ఆడపిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని, తాతమ్మల పేర్లను, వారి సుగుణములను చెప్పుదురుగాక. తిలోదకము లెవ్వరిచ్చినను, తలంచుకొను హక్కు కుమార్తెకును కలదు.